68 డాలర్ల రిపేర్ కిట్: నా సైకిల్‌కి రెండుసార్లు, పక్కవాళ్ళ సైకిళ్ళకి తొమ్మిదిసార్లు

ఈ కిట్ కొని రెండేళ్ళయింది. ఇప్పటికి పదకొండుసార్లు విప్పాను. అందులో నా సైకిల్ కోసం విప్పింది రెండుసార్లే. మిగతా తొమ్మిదీ మౌంటెన్ బైక్ రేసుల్లో, దారి పక్కన సైకిల్‌ని తలకిందులుగా పెట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డ వాళ్ళ కోసం. కాబట్టి ఈ రివ్యూ కొంచెం తేడాగా ఉంటుంది. మీ సైకిల్‌కి ఇది సరిపోతుందో లేదో నేను చెప్పలేను కానీ, ముక్కూ మొహం తెలియని వాళ్ళ సైకిల్‌కి ఎంతవరకు పనికొస్తుందో మాత్రం బాగా చెప్పగలను.

మా ఆవిడ లెక్క వేరే. "95 డాలర్లు ఫీజు కట్టి, రెండు గంటలు కారు నడుపుకుంటూ పోయి, ఊళ్ళో వాళ్ళందరి పంచర్లు వేసి వస్తావు. అదేదో ఇంటి ముందు బోర్డు పెట్టుకో, డబ్బులైనా వస్తాయి" అంటుంది.

మాది అనంతపురం జిల్లా. ఇప్పుడు ఉండేది డెన్వర్ పక్కన అరోరాలో. కిట్ కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో రెండు వస్తువుల్ని తిట్టబోతున్నాను, అవి తిట్టాల్సినవే, అయినా పేరు పెట్టి తిట్టేంత కోపం లేదు.

సెట్‌లో ఏముంటాయంటే: సీటు కింద బిగించే చిన్న సంచి, 19 పనిముట్లున్న మడత టూల్, ట్యూబ్‌లెస్ టైరుకి గుచ్చే ప్లగ్ సూది, ఐదు ప్లగ్గులు, రెండు టైరు లీవర్లు, టైర్లో గాలి నింపడానికి 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సీసాలు రెండు, వాటిని వాల్వ్‌కి తగిలించే మూతి. పంపు లేదు, ట్యూబ్ లేదు, తెగిన చైన్‌ని కలిపే లింక్ లేదు. అవి నేను కొనుక్కున్నాను.

ముందు మంచి సంగతి. ప్లగ్ సూది బంగారం. మన దగ్గర బండి ట్యూబ్‌లెస్ టైరుకి పంచర్ షాపువాడు జిగురు తాడు గుచ్చుతాడు చూడండి, అదే పని, చిన్న సైజులో. టైరు విప్పక్కర్లేదు. నా రెండు పంచర్లలో ఒకటి, పక్కవాళ్ళవి నాలుగు దీంతోనే అయిపోయాయి, ఒక్కోటి మూడు నాలుగు నిమిషాల్లో. మడత టూల్ కూడా మంచిదే. చైన్ పిన్ను తీసే భాగం గట్టిగా ఉంది, నక్షత్రం ఆకారం స్క్రూలకి T25 ఉంది. కానీ 8 మిల్లీమీటర్ల అలెన్ కీ విడి తొడుగు, 6 మీద తొడుక్కోవాలి. రెండో నెలలోనే ఎక్కడో రాలిపోయింది. పెడల్ ఊడిపోయిన ఒకాయనకి సాయం చేద్దామని ఆగితే నా దగ్గర 6 వరకే ఉంది. ఇద్దరం కాసేపు ఆ పెడల్ వైపు చూసి ఎవరి దారిన వాళ్ళం పోయాం.

గాలి సీసాల గురించి చెప్పాలంటే ప్యూబ్లో రేసు గురించి చెప్పాలి.

డెన్వర్ నుంచి ఐ-25 హైవే మీద దక్షిణంగా దిగితే ప్యూబ్లో వస్తుంది. అక్కడి రిజర్వాయర్ చుట్టూ ఉన్న దారులు నాకు మా ఊరిని గుర్తు చేస్తాయి. ఎండిన నేల, పలకలు పలకలుగా లేచిన సున్నపురాయి, ముళ్ళు. ముళ్ళంటే ఏవో అనుకునేరు, అచ్చంగా మన పల్లేరు కాయలు. ఇక్కడ వీటిని గోట్‌హెడ్ అంటారు. శాస్త్రీయ నామం ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్, రెండు చోట్లా అదే మొక్క. చిన్నప్పుడు చెనక్కాయ చేలల్లో చెప్పుల్లేని కాళ్ళకి గుచ్చుకున్నవే, దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటొచ్చినా నన్ను వదల్లేదు. కొలరాడో వాళ్ళు దీన్ని హానికరమైన కలుపు మొక్కల జాబితాలో పెట్టారు. పెట్టినా అది పోలేదు.

ఏప్రిల్ రేసు. 18 మైళ్ళ చుట్టు, రెండుసార్లు తిరగాలి. ఆ రోజు ఎవరి కోసమూ ఆగకూడదని ఇంట్లో మాటిచ్చి మరీ వచ్చాను. పదకొండో మైలు దగ్గర మలుపులో ఒకడు సైకిల్ పక్కన కూర్చుని ఉన్నాడు. తల వంచుకుని దాటిపోతున్నాను. వెనక నుంచి "ఓరి నాయనో, ఇప్పుడెట్లరా దేవుడా" అని వినిపించింది.

బ్రేక్ పడింది. నా ప్రమేయం లేదు.

"ఏమైంది?" అన్నాను తెలుగులోనే. దిగ్గున లేచాడు. "అన్నా, మీరు తెలుగా!" ఇరవై ఆరేళ్ళుంటాయేమో. వరంగల్ అబ్బాయి, ఇక్కడ ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరాడట. మెరిసిపోతున్న కొత్త సైకిల్. ముందు టైరు పక్కగోడ రాయికి కోసుకుపోయింది, చిటికెన వేలి గోరంత చీలిక. పంచర్లు పూడ్చుకోవడానికి టైర్లో పోసిన తెల్లటి సీలెంట్ అంతా కాలి మీదే ఉంది.

"కిట్ ఏది తమ్ముడూ?"

"కార్ల ఉందన్నా. బరువైతదని పెట్టేసిన."

జేబులో ఫోనూ, ఇరవై డాలర్ల నోటూ, రెండు ఎనర్జీ జెల్‌లూ ఉన్నాయి. అంతే.

రెండు ప్లగ్గులు గుచ్చాను, నిలవలేదు. పక్కగోడకి ప్లగ్ మామూలుగానే నిలవదు. ఇక ట్యూబే దారి. ట్యూబ్ పెట్టాలంటే ముందు ట్యూబ్‌లెస్ వాల్వ్ తీయాలి. దాని నట్టు ఎండిన సీలెంట్‌తో అతుక్కుపోయింది. 19 పనిముట్లలో పట్టుకారు లేదు! గ్లౌజు చుట్టి తిప్పాను, కదల్లేదు. చివరికి చిన్న రాయితో చుట్టూ మెల్లగా తడితే వదిలింది.

తర్వాతది చాలామంది మర్చిపోయే పని. ట్యూబ్‌లెస్ టైర్లో పల్లేరు ముళ్ళు గుచ్చుకున్నా మనకి తెలీదు, సీలెంట్ వాటి చుట్టూ గడ్డకట్టి గాలి ఆపేస్తుంది. ఆ టైర్లోనే ట్యూబ్ పెట్టామనుకోండి, లోపలికి పొడుచుకొచ్చిన ప్రతి ముల్లూ ట్యూబ్‌కి దిగుతుంది. అందుకని టైరు లోపల చుట్టూ వేళ్ళతో తడమాలి, మెల్లగా, పిల్లాడి తల్లో పేలు చూసినట్టు. ఆ ముందు టైర్లో ఏడు ముళ్ళు దొరికాయి. ఒక్కోదాన్నీ గోళ్ళతో లాగి ఆ అబ్బాయి అరచేతిలో పెట్టాను. "ఇవి మా ఊర్ల కూడ ఉంటయన్నా" అన్నాడు. ఉంటాయి నాయనా.

చీలిక దగ్గర ట్యూబ్ బయటికి ఉబ్బకుండా లోపల ఏదైనా గట్టి ముక్క అడ్డం పెట్టాలి. ఇక్కడి వాళ్ళు డాలర్ నోటు మడిచి పెడతారు. నా కిట్‌లో 2016లో రద్దయిన పాత 500 నోటు ఉంటుంది. కాటన్ కాగితం, నాలుగు మడతలు వేస్తే తోలులా ఉంటుంది. బ్యాంకు తీసుకోని నోటుని ఈ టైరు తీసుకుంది.

ఇక గాలి సీసా. 29 అంగుళాల వెడల్పు టైరుకి 16 గ్రాములు చాలీచాలనట్టే ఉంటుంది. పైగా ఈ సెట్‌లో మూతి వాల్వ్ మీద సరిగా కూర్చోదు. తిప్పగానే సగం గాలి బుస్సుమని బయటికే పోయింది, సీసా మంచుగడ్డై నా బొటనవేలు అతుక్కున్నంత పనైంది. రెండో సీసా నా కోసం దాచి, చిన్న పంపు తీశాను. వంతులేసుకుని రెండొందలసార్లు కొట్టి ఉంటాం. ఆగినప్పటి నుంచి లెక్కేస్తే 24 నిమిషాలు.

నా ఒక్కగానొక్క ట్యూబ్ ఇచ్చేశాను. ఆ మాట అప్పుడు తోచలేదు.

పద్నాలుగో మైలు దగ్గర నా వెనక టైరు. రాతి అంచు రిమ్ దాకా తగిలి, టైరు సరిగ్గా రిమ్‌ని కరుచుకునే చోట తెగింది. ప్లగ్ గుచ్చడానికి చోటే లేదు. సాయం దొరికే టెంటు ఇంకా నాలుగు మైళ్ళు. సైకిల్ భుజాన వేసుకుని నడిచాను. పద్నాలుగు మంది దాటారు. తొమ్మిది మంది వేగం తగ్గించి "ఏమైనా కావాలా?" అని అడిగారు. ట్యూబ్ కావాలన్నాను. ఇద్దరు మొహమాటపడకుండా చెప్పారు, ఒకటే ఉంది, ఇవ్వలేం అని. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళు చేసిందే సరైన పని. గంట ముందు నేను చేయాల్సింది కూడా అదేనేమో అనుకుంటూ నడిచాను.

పదిహేనో వాడు మన వరంగల్ తమ్ముడు. నా ట్యూబ్ మీద, నా నోటు మీద హాయిగా వస్తున్నాడు. నన్ను చూసి మొహం మాడిపోయింది. ఆగి, అలవాటుగా జేబులన్నీ తడుముకున్నాడు. ఏముంటాయక్కడ? ఒక జెల్ తీసి చేతిలో పెట్టాడు. కాఫీ ఫ్లేవర్. నాకు ఆ వాసనే పడదు. "నువ్వు పోరా, కటాఫ్ టైం దాటిపోతుంది" అని తోలేశాను.

ఆగాలా వద్దా అన్నదాని మీద రైడర్ల మధ్య ఎప్పుడూ వాదనే. దెబ్బ తగిలి పడిపోయిన మనిషి దగ్గర ఆగడం గురించి ఎవరూ వాదించరు, ఆగాల్సిందే. గొడవంతా పంచర్ల దగ్గరే. ఈ ఆట పుట్టిందే ఎవరి రిపేరు వాళ్ళు చేసుకునే చోట. 1976లో కాలిఫోర్నియా ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొండ మీంచి దిగే పందేలు మొదలుపెట్టినప్పుడు, వెనక్కి తొక్కితే పడే బ్రేకుల వేడికి చక్రం మధ్య హబ్‌లో గ్రీజు కాలి ఆవిరైపోయేది. కిందికి దిగాక మళ్ళీ గ్రీజు దట్టించాలి. ఆ రేసుకి రీప్యాక్ అనే పేరు అలా వచ్చింది. ఈనాటి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) క్రాస్ కంట్రీ రూల్స్ అయితే సాయం కోసం కేటాయించిన జోన్ల బయట సొంత జట్టు రైడర్లు తప్ప ఎవరూ చేయి వేయకూడదంటాయి. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ విరిగిన ఫోర్కుని కమ్మరి కొలిమిలో తనే అతికించుకుంటే, తిత్తి ఊదిన పిల్లాడి సాయం తీసుకున్నాడని పెనాల్టీ వేశారు. ఆ లెక్కన నేను వంతులేసుకుని పంపు కొట్టింది పెద్ద నేరమే. కానీ మాది బతుకుదెరువు రేసు కాదు. నూటనలభయ్యో స్థానానికీ నూటయాభయ్యో స్థానానికీ మధ్య నాకు పోయేదేం లేదు.

నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటుంది. నా మొదటి రేసులో చైన్ తెగింది. నా దగ్గర గాలి తప్ప ఏమీ లేదు. అరవై ఏళ్ళ పెద్దావిడ ఆగి, తన లింక్ వేసి, వేస్తున్నంతసేపూ నన్ను తిట్టింది. లింక్ ఖరీదు పన్నెండు డాలర్లని చెప్పి మరీ వెళ్ళింది. ఫినిష్ లైన్ దగ్గర నిలబడి వసూలు చేసుకుంది. సాయం చేసింది, తిట్టింది, డబ్బు తీసుకుంది, లెక్క చెల్లు. అప్పటి నుంచి కిట్ లేకుండా నేను రేసుకి పోలేదు.

ఇప్పుడు నా సంచిలో మార్పులు ఇవి. చైన్ లింకులు 11 గేర్లకి ఒకటి, 12 గేర్లకి ఒకటి. బరువు లెక్కే కాదు, పైగా రెండూ ఒకదానికొకటి పనికిరావు. ఒక యూడీహెచ్ హ్యాంగర్, అంటే గేర్లు మార్చే డీరెయిలర్‌ని ఫ్రేముకి బిగించే ముక్క. 2019లో ఇది వచ్చాక ఒకే హ్యాంగర్ చాలా కంపెనీల సైకిళ్ళకి సరిపోతోంది, అంతకుముందు ఎదుటివాడికి హ్యాంగర్ ఇవ్వాలంటే అదృష్టం కలిసిరావాలి. చిన్న పట్టుకారు. ట్యూబులు రెండు. సన్నటి టీపీయూ (ఒకరకం ప్లాస్టిక్) ట్యూబ్ నాది, అది ఖరీదు. ఆరు డాలర్లకి సేల్‌లో కొన్న మామూలు రబ్బరు ట్యూబ్ దారిలో ఇవ్వడానికి. ఆరు డాలర్లూ అక్కడే అడిగేస్తాను.

మార్కులు: ప్లగ్ సూదికి ఐదుకి ఐదు. మడత టూల్‌కి మూడున్నర, ఆ 8 తొడుగు ఊడకపోతే నాలుగు. సంచి పట్టీ ప్యూబ్లో రాళ్ళ మీద కూడా వదులు కాలేదు, నాలుగు. లీవర్లు మామూలే. సీసా మూతికి ఒకటి, అదీ దయతో. కొనేవాళ్ళు సెట్ కొనండి, మూతి మాత్రం వేరేది కొనుక్కోండి, పంపు మాత్రం మర్చిపోకండి.

వరంగల్ తమ్ముడు ఇదే కిట్ కొన్నాడు. ట్యూబ్ డబ్బులు పంపాడు, దాంతోపాటు కొత్త 500 నోటు ఫోటో కూడా పంపి "ఇది పని చేస్తదా అన్నా" అని అడిగాడు. దాన్ని పాడుచేయకు, దాంతో బిర్యానీ వస్తుందన్నాను.

రెండో 16 గ్రాముల సీసా ఇంకా అలాగే ఉంది. ఎవరికైనా కావాలంటే వచ్చే రేసులో స్టార్ట్ లైన్ దగ్గర అడగండి, ఊరికే ఇచ్చేస్తాను. దారిలో మాత్రం అడక్కండి.