గుంటూరు కొత్తపేటలో కాన్పు: ఒక ప్రైవేటు ఆసుపత్రి సేవలపై సమీక్ష

గుంటూరు కొత్తపేటలో వీధికి రెండు వైపులా ఉన్న ఆసుపత్రుల్లో మధ్యస్థాయిది అనదగిన ఒకదానిలో ఇటీవల నా రెండో కాన్పు జరిగింది. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ రాస్తున్నందున దాని పేరు చెప్పడం లేదు. మొదటి కాన్పు విజయవాడ సూర్యారావుపేటలో, ఇంతకంటే పెద్ద భవనంలో, ఖరీదైన గదిలో జరిగింది. గది, మంచం, భోజనం విషయాల్లో కొత్తపేట ఆసుపత్రి దానికి ఏ మాత్రం సాటి రాదు. అయినా ఎవరైనా అడిగితే నేను దీన్నే సిఫారసు చేస్తాను.

కారణం లేబర్ రూమ్‌లోనే ఉంది. నన్ను చూసుకున్న సిస్టర్ పరీక్ష చేసే ముందు ప్రతిసారీ తెర లాగి, "ఇప్పుడు లోపల చూస్తానమ్మా, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఊపిరి మెల్లగా వదులు" అని చెప్పి, నేను తల ఊపిన తర్వాతే చెయ్యి పెట్టేది. చూశాక గర్భసంచి ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో డాక్టరుకు చెప్పినట్టే నాకూ చెప్పేది. సెలైన్‌లో నొప్పుల మందు కలిపేటప్పుడు అది దేనికో, దానితో నొప్పులు ఎలా మారతాయో ముందే వివరించింది. మొదటి కాన్పులో అదే మందు ఎప్పుడు ఎక్కించారో, కోత ఎప్పుడు పెట్టారో నాకు తెలియలేదు; కుట్లు వేస్తున్నప్పుడు అడిగితే "అందరికీ వేసేవేనమ్మా" అన్నారు. నొప్పికి అరిస్తే వినవలసి వచ్చిన మాటలను ఇక్కడ రాయలేను, కానీ మన ఊళ్లలో కాన్పు చేయించుకున్న చాలామందికి అవి కొత్తవి కావు.

నొప్పి తగ్గితే తల్లికి సంతృప్తి దానంతటదే కలుగుతుందని సాధారణంగా అనుకుంటారు. ఈ విషయంపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించి కెనడా పరిశోధకురాలు ఎలెన్ హాడ్నెట్ 2002లో ప్రచురించిన సమీక్ష వేరే మాట చెప్పింది. తల్లి ముందుగా పెట్టుకున్న అంచనాలు, సిబ్బంది అందించిన ఆసరా, వారితో ఏర్పడిన సంబంధం, నిర్ణయాల్లో ఆమెకు దక్కిన భాగస్వామ్యం అనే నాలుగింటి ముందు నొప్పి, నొప్పి నివారణ, గది సౌకర్యాలు వంటివి వెనకబడతాయని ఆమె తేల్చారు. నా అనుభవం కూడా అదే. ఇక్కడ రాత్రిపూట ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఎక్కించే మందు) ఇచ్చే మత్తు డాక్టరు అందుబాటులో ఉండరని తొమ్మిదో నెల చెకప్‌లోనే చెప్పారు కాబట్టి, రాత్రి అది దొరకకపోయినా మోసపోయినట్టు అనిపించలేదు.

నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా మా అక్కను నా పక్కనే ఉండనిచ్చారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒక స్త్రీని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లోనే చెప్పింది. తల్లి కోరుకున్న వ్యక్తి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు కూడా సూచించాయి. వేలకు వేలు వసూలు చేసే ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఇది డాక్టరమ్మ దయ మీద ఆధారపడి ఉండటం విడ్డూరం. అక్క చేసిందల్లా నడుము రుద్దడం, మంచినీళ్లు తాగించడం, సిస్టర్ చెప్పిన మాట నాకు వినపడకపోతే మళ్లీ చెప్పడం; ఆ గదిలో అంతకు మించి కావలసింది నాకేమీ కనిపించలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఉన్నాయి కాబట్టి, ఏ కుటుంబమైనా ఆపరేషన్ మాట వినగానే అనుమానంగానే చూస్తుంది. నాకు మధ్యలో బిడ్డ గుండె వేగం తగ్గినప్పుడు డాక్టరు నేరుగా నా దగ్గరికే వచ్చి, మిషన్ కాగితం చూపించి, ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, వేగం కోలుకుంటే ఆగుదామని, లేదంటే సిజేరియన్ తప్పదని చెప్పారు. వేగం కోలుకుంది, నార్మల్ డెలివరీ అయింది. ఒకవేళ ఆపరేషనే జరిగి ఉన్నా నాకు అనుమానం మిగిలేది కాదు.

బిడ్డ పుట్టగానే గుండెల మీద పడుకోబెట్టారు, బొడ్డుతాడు కోయడానికి తొందరపడలేదు, గంటలోపే ముర్రుపాలు పట్టించారు. ఇందులో వంక పెట్టడానికి లేదు.

లోపాలు రెండు చెప్పాలి. రాత్రి ఎనిమిదికి డ్యూటీ మారగానే అంతవరకు ఉన్న మర్యాద ఒక్కసారిగా పోయింది. కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు పాత షీటు చూడకుండా, నన్ను పలకరించకుండా, అరగంట క్రితమే చేసిన లోపలి పరీక్షను మళ్లీ చేశారు. అంతా సజావుగా సాగుతుంటే ఆ పరీక్ష నాలుగు గంటలకొకసారి సరిపోతుందని పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే అంటున్నాయి. సిస్టర్ మంచితనం ఆ సిస్టర్‌తోనే ఇంటికి వెళ్లిపోతే, దాన్ని ఆసుపత్రి పద్ధతి అని ఎలా అనగలం? రెండోది ఆయమ్మల మామూళ్లు. డబ్బులు ఇవ్వవద్దని బోర్డు ఉంది. దాని కిందే మగపిల్లాడికి ఒక రేటు, ఆడపిల్లకు ఒక రేటు అడుగుతారు. నాకు పుట్టింది ఆడపిల్ల కనుక తగ్గించి అడిగారు, ఆ తగ్గింపే ఎక్కువ బాధ కలిగించింది.

డిశ్చార్జి రోజు బిల్లు కట్టకముందే అభిప్రాయ పత్రం చేతికిచ్చారు. దుప్పట్లు, క్యాంటీన్, లిఫ్టు, రిసెప్షన్ గురించి అందులో గళ్లున్నాయి గానీ లేబర్ రూమ్ గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. బిల్లు కౌంటరు ఎదురుగా, ఒళ్లో పసిబిడ్డతో కూర్చున్న బాలింత "చాలా బాగుంది" గడిలో కాక ఇంకెక్కడ టిక్కు పెడుతుంది? కింద ఉన్న ఖాళీలో సిస్టర్ గురించి, ఎనిమిది గంటల డ్యూటీ మార్పు గురించి, ఆయమ్మల రేట్ల గురించి రాసి ఇచ్చాను. ఆసుపత్రి నుంచి టీకాల తేదీ గుర్తు చేస్తూ ఫోను వచ్చింది గానీ, వీటి గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.