ఇంప్లాంట్ ఫెయిలైతే పాత పరికరాన్ని కాగితం లేకుండా కంపెనీకి ఇవ్వకండి: కాక్లియర్ పిల్లల తల్లిదండ్రులకు జాగ్రత్త

పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే పరికరం) పెట్టించినవాళ్లు, పెట్టించబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. లోపల పెట్టిన పరికరం పాడైతే మళ్లీ ఆపరేషన్ చేసి దాన్ని తీసేస్తారు. తీసినదాన్ని చాలాసార్లు కంపెనీ మనిషి థియేటర్ దగ్గరే డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లిపోతాడు. "టెస్టింగ్‌కి పంపాలి మేడమ్, రూల్ అది" అంటాడు. ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులు సరే అనేస్తారు. కానీ రేపు మీరు కేసు వేస్తే మీ చేతిలో ఉండే అతి ముఖ్యమైన సాక్ష్యం అదే. దాన్ని పరీక్షించేదీ, రిపోర్టు రాసేదీ, ఆ రిపోర్టు మీకు ఇవ్వాలో వద్దో నిర్ణయించేదీ అవతలి పార్టీయే అవుతుంది.

మా పాపకు పెట్టింది ఏ కంపెనీదో, ఏ ఆసుపత్రిలో పెట్టారో ఇక్కడ రాయను. వినియోగదారుల కమిషన్‌లో మా కేసు నడుస్తోంది. కింద పేర్లతో చెప్పినవన్నీ బయట రికార్డుల్లో ఉన్న పాత సంగతులు. వాటిని మా కేసుతో ముడిపెట్టకండి.

పాపకు రెండేళ్లు నిండకముందే ఆపరేషన్ అయింది. పరికరాన్ని మొదటిసారి స్విచ్ ఆన్ చేశాక మాటలు బాగా వచ్చాయి. మా థెరపిస్టు నేర్పినట్టు రోజూ పొద్దున ప్రాసెసర్ (చెవి బయట పెట్టుకునే భాగం) పెట్టగానే ఆరు శబ్దాలు చెక్ చేస్తాను: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. నా నోరు కనబడకుండా కాగితం అడ్డం పెట్టుకుని పలికితే తను తిరిగి పలకాలి. ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి టిక్కులు పెట్టేదాన్ని. మొదట 'స్' పోయింది. కొన్నాళ్లకు 'ష్' కూడా. తర్వాత ఒక వారం అన్నీ వినిపించేవి, మరో వారం 'ఈ' కూడా అందేది కాదు. ఒక్కోసారి తలకు అతుక్కుని ఉండే ప్రాసెసర్ కాయిల్ తనే పీకేసి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని "అమ్మా, కుడుతోంది" అనేది.

మ్యాపింగ్‌కి (ప్రాసెసర్ సెట్టింగులు సరిచేయడానికి) తీసుకెళ్తే కేబుల్ మార్చమన్నారు. మార్చాం. కాయిల్ మార్చమన్నారు. అదీ మార్చాం, రెండింటికీ డబ్బు మేమే కట్టాం. కొన్ని ఎలక్ట్రోడ్లు ఆఫ్ చేసి "ఇక బాగుంటుంది" అన్నారు. బాగుపడకపోయేసరికి నింద నా మీదికి వచ్చింది: "ఇంట్లో థెరపీ సరిగ్గా జరగట్లేదేమో చూసుకోండమ్మా." ఉద్యోగం మానేసి పిల్ల పక్కనే కూర్చున్న తల్లితో అనే మాటేనా అది? ఇలాంటి మాటే ఇంకా చాలామంది అమ్మలు విన్నారని నాకు తర్వాత తెలిసింది. అందుకే చెబుతున్నాను: బాగా వింటున్న పిల్ల ఉన్నట్టుండి వెనక్కి పోతుంటే ముందు పరికరాన్ని అనుమానించండి. కంపెనీ ఇంజనీరుతో ఇంటెగ్రిటీ టెస్ట్ (లోపలి పరికరం సరిగ్గా పనిచేస్తోందో చూసే పరీక్ష) చేయించమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది. మాకు నోటితో "డివైస్ ఫెయిల్యూర్" అని చెప్పి, కాగితం మీద "పనితీరులో తగ్గుదల" అని రాసిచ్చారు.

అసలు లోపల ఏం పాడవుతుందో తెలిస్తే ఈ మాటల వెనక సంగతి అర్థమవుతుంది. చెవి వెనక చర్మం కింద ఉండే భాగంలో ఎలక్ట్రానిక్స్ ఉంటాయి. ఒంట్లోని తేమ చొరబడకుండా దాన్ని పూర్తిగా సీల్ చేస్తారు. అక్కడి నుంచి సన్నటి ఎలక్ట్రోడ్ తీగ లోపలి చెవిలోని కాక్లియా అనే భాగంలోకి వెళ్తుంది. సీల్‌లో వెంట్రుకవాసి పగులున్నా, తీగ పైపొరలో ద్రవం చేరినా విద్యుత్తు దారి తప్పుతుంది. కొన్ని పరికరాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. వీటిని కనిపెట్టడం తేలిక. మరికొన్ని మెల్లగా క్షీణిస్తాయి, టెస్టుల్లో కూడా ఒక్కోసారి నార్మల్ అనే చూపిస్తాయి. డాక్టర్లు దీన్నే సాఫ్ట్ ఫెయిల్యూర్ అంటారు. పిల్ల ఇబ్బందికి అప్పుడు ఇంట్లో రాసుకున్న రోజువారీ రికార్డు తప్ప వేరే రుజువు ఉండదు. నా నోట్‌బుక్‌లోని ప్రతి పేజీ మా కేసు ఫైల్లో ఉంది.

ఇది ఎక్కడో ఒకసారి జరిగే వింత కాదు. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ అనే అమెరికా కంపెనీ తేమ సమస్యతోనే 2004లో ఒకసారి, 2006లో మరోసారి ఇంప్లాంట్లను వెనక్కి పిలిచింది. ఒక విడిభాగం సరఫరాదారుణ్ని మార్చి, ఆ మార్పుకు ముందస్తు అనుమతి తీసుకోలేదని అక్కడ మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ జరిమానా కోసం చర్య తీసుకుంది. 2008లో కంపెనీ 11 లక్షల డాలర్లు, దాని అధ్యక్షుడు విడిగా 75 వేల డాలర్లు కట్టారు. అదే కంపెనీ 2020 ఫిబ్రవరిలో హైరెస్ అల్ట్రా, అల్ట్రా 3డీ మోడళ్ల తొలి వెర్షన్‌ను మార్కెట్ నుంచి తీసేసింది. ఈసారి ద్రవం చేరింది ఎలక్ట్రోడ్ దగ్గర. ఆస్ట్రేలియాకు చెందిన కాక్లియర్ కంపెనీ కూడా 2011 సెప్టెంబర్‌లో న్యూక్లియస్ సీఐ500 శ్రేణిలో ఇంకా అమర్చని పరికరాలన్నిటినీ వెనక్కి తీసుకుంది. సీల్ అతుకుల్లోని సూక్ష్మమైన పగుళ్లే కారణమని తేలింది.

2006 నాటి ఆ లోపం మీద కెంటకీలో ఒక చిన్నారి తరఫున వేసిన కేసులో 2013లో జ్యూరీ 70 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలని తీర్పు చెప్పింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ తీర్పు చూసి కేసు సులువనుకోవద్దు. 2008లో రీగల్ వర్సెస్ మెడ్‌ట్రానిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక పెద్ద అడ్డుగోడ కట్టింది. ఎఫ్‌డీఏ పూర్తిస్థాయి ముందస్తు ఆమోదం ఉన్న పరికరం మీద రాష్ట్ర చట్టాల కింద మామూలు నష్టపరిహార దావా నిలవదని చెప్పింది. కాక్లియర్ ఇంప్లాంట్లు ఆ కోవలోకే వస్తాయి. మిగిలిన దారి ఒకటే: ఎఫ్‌డీఏ ఆమోదించిన పద్ధతిని కంపెనీయే తప్పిందని చూపించాలి. కెంటకీ కేసు అలాగే నిలబడింది. గడువు కూడా ఒక్కో రాష్ట్రానిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి, పరికరం ఫెయిలైందని తెలిసిన వెంటనే మెడికల్ డివైస్ కేసులు చేసే లాయర్ని కలవండి. ఎఫ్‌డీఏకి చేరిన ఫిర్యాదులు మాడ్ (MAUDE) అనే డేటాబేస్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇండియాలో ఉన్నవాళ్లు కూడా తమ మోడల్ పేరు కొట్టి చూడండి. ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ కనబడితే ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి.

ఇక మన దగ్గర. ఇక్కడ అలాంటి అడ్డుగోడ లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఉత్పత్తి బాధ్యత మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. తయారీ లోపం, డిజైన్ లోపం, రాసిచ్చిన వారంటీకి తగ్గట్టు లేకపోవడం, సరైన హెచ్చరికలు ఇవ్వకపోవడం, వీటిలో ఏది చూపించినా తయారీదారు బాధ్యుడే. రాసిచ్చిన వారంటీ విషయంలో తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా తప్పించుకోలేడు. "తయారీ కంపెనీ విదేశంలో ఉంది, మేం అమ్మేవాళ్లమే" అని ఇక్కడి డీలరు అంటాడు. మాకూ అదే జవాబు వచ్చింది. 86వ సెక్షన్ చూపించండి. తయారీదారు మన చట్టం పరిధిలోకి రాకపోయినా, అతనికి నోటీసు అందించలేకపోయినా, అతని మీద ఆర్డరు అమలు చేయలేకపోయినా అమ్మినవాడి మీదే బాధ్యత పడుతుంది. అమ్మినవాడు అంటే దిగుమతిదారు కూడా. కాబట్టి విదేశీ తయారీదారు, ఇండియాలోని దిగుమతిదారు, బిల్లు ఇచ్చిన డీలరు, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చమని మా లాయర్ చెప్పారు. లక్షణాలు చెబుతున్నా పట్టించుకోకపోతే సేవాలోపం కింద ఆసుపత్రిని కూడా చేర్చొచ్చు.

కంపెనీ వైపు నుంచి ఒక వాదన వస్తుంది, ముందే తెలుసుకోండి. నిపుణుల పర్యవేక్షణలో వాడాల్సిన వస్తువు విషయంలో, హెచ్చరికలు ఆ నిపుణుడికి సరిగ్గా ఇచ్చి ఉంటే చాలని 87వ సెక్షన్‌లో ఉంది. "డాక్టరుకి లెటర్ పంపాం" అంటారు. ఇది హెచ్చరికలు ఇవ్వలేదన్న ఆరోపణకు మాత్రమే జవాబు, తయారీ లోపానికి కాదు. ఫిర్యాదులో రెండూ విడివిడిగా రాయించండి.

కేసు వేయడానికి హైదరాబాదో ఢిల్లీయో తిరగక్కర్లేదు. మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. మీరు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే అది జిల్లా కమిషన్ పరిధే. 5 లక్షల వరకు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 200 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లే. "జర్మనీ నుంచి రిపోర్టు రావాలి, అమెరికా నుంచి రావాలి" అంటూ నెలలు గడిపేస్తుంటారు, మీరు ఎదురుచూస్తుండగానే ఆ రెండేళ్లూ కరిగిపోతాయి. రిపోర్టు రాకపోయినా కేసు వేసేయండి. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఆరోగ్యశ్రీలోనో, వికలాంగులకు పరికరాల కోసం కేంద్రం ఇచ్చే అడిప్ పథకంలోనో ఉచితంగా పెట్టించుకున్నవాళ్లు "మేం డబ్బు కట్టలేదుగా, మాకేం హక్కు" అని ఊరుకుంటున్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కొన్నవాళ్ల అనుమతితో వస్తువును వాడుకునేవాళ్లు కూడా చట్టం ప్రకారం వినియోగదారులే. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మినహాయించింది గానీ, రోగి తరఫున మరొకరు ఖర్చు భరించే వైద్యాన్ని చట్టం పరిధిలోనే ఉంచింది. వాదించడానికి బలం ఉంది. లాయర్ ఫీజు భయం కూడా అక్కర్లేదు. పిల్లలకు, మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. నంబరు 15100.

పరిహారం ప్రభుత్వమే ఇప్పిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి ఇంప్లాంట్లను 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంటే, మన దగ్గర పరిహారం లెక్క తేలేసరికి 2018 వచ్చింది: 30 లక్షల నుంచి 1.23 కోట్ల వరకు. ఆ లెక్కను కూడా కంపెనీ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. అది పెట్టించుకున్నవాళ్లలో చాలామంది ఆచూకీ కూడా దొరకలేదు. అందుకే పరికరం సీరియల్ నంబరున్న ఇంప్లాంట్ కార్డు, పెట్టె మీది స్టిక్కరు, ఒరిజినల్ బిల్లు, ఆపరేషన్ నోట్స్, ప్రతి మ్యాపింగ్ ప్రింటవుటూ స్కాన్ చేసి దాచుకోండి. వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే ప్రభుత్వ మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి కూడా ఫిర్యాదు పంపండి, రోగుల తరఫున మనమే పంపొచ్చు. హెల్ప్‌లైన్ 1800-180-3024. దానివల్ల డబ్బు రాదు, కానీ ఆ మోడల్ మీద రికార్డు తయారవుతుంది. తర్వాత కొనే తల్లిదండ్రులకు అది అవసరం.

కొత్తగా కొనేవాళ్లు సేల్స్ మనిషిని ఒక్కటి అడగండి: ఇదే మోడల్‌లో ఏటేటా ఎన్ని పరికరాలు పనిచేస్తూ మిగిలాయో, పిల్లల లెక్క విడిగా, రాసివ్వమనండి. అన్ని మోడళ్లనూ కలిపి కంపెనీ మొత్తానికి చెప్పే శాతం పనికిరాదు. 10 ఏళ్ల వారంటీ అనగానే పొంగిపోకండి. మా వారంటీ కాగితంలో పరికరం మాత్రమే ఉంది. రెండో ఆపరేషన్ ఖర్చు, మత్తు డాక్టరు ఫీజు, గది అద్దె, మళ్లీ మొదలుపెట్టాల్సిన థెరపీ, ఏదీ లేదు. పిల్ల కోల్పోయిన వినికిడి కాలానికైతే ఎవరూ ఏమీ రాయరు. ఫిర్యాదులో అవన్నీ అడగాలి.

రెండో ఆపరేషన్ అయిన మర్నాడు కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది. కొత్త పరికరం సద్భావంతో ఉచితంగా ఇస్తున్నామని, ఇకపై పాత పరికరం గురించి ఏ క్లెయిమూ చేయబోమని మేం ఒప్పుకుంటున్నామని అందులో ఉంది. పాప తలకు ఇంకా కట్టు ఉంది. మా ఆయన చదివి సంతకం పెట్టకుండా ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేశారు. మీకూ వస్తుంది. వారంటీలో ఉన్న పరికరం మార్చడం వాళ్ల బాధ్యత, దానికి బదులుగా మీ హక్కులు రాసివ్వక్కర్లేదు.

రివిజన్ ఆపరేషన్‌కి (పాడైన పరికరం తీసేసే రెండో ఆపరేషన్‌కి) డేట్ ఇచ్చారంటే అంతకు ముందే ఆసుపత్రి సూపరింటెండెంట్ పేరుతో ఒక లెటర్ రాయండి, ఒక కాపీ కంపెనీకి మెయిల్ చేయండి. తీసిన పరికరాన్ని మా రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వవద్దని, ఆసుపత్రి పద్ధతిలో శుభ్రం చేసి, సీరియల్ నంబరు కనబడేలా ఫొటోలు తీసి, మా సమక్షంలో సీల్ వేయాలని రాయండి. పరీక్షకు పంపాల్సి వస్తే ముందుగా పరికరాన్ని కోయకుండా చేసే పరీక్షలే చేయాలని, కోసి చూసేముందు మాకు నోటీసు ఇవ్వాలని, పూర్తి రిపోర్టూ పరికరమూ తిరిగి ఇవ్వాలని కూడా చేర్చండి. ఒకసారి కోసేస్తే ఆ సీల్‌ని మళ్లీ ఎవరూ పరీక్షించలేరు. కేసు వేశాక ల్యాబ్‌కి పంపమని కమిషన్‌నే అడగొచ్చు, చట్టంలో 38వ సెక్షన్ అందుకే ఉంది. లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆపరేషన్ రోజు ఆ కాపీ థియేటర్ బయట కూర్చునే మనిషి జేబులో ఉండాలి.