మొప్పల పురుగుకు దొడ్డు ఉప్పు, పర్మాంగనేట్: ఆరేళ్లు వాడాక

మాది మిర్యాలగూడ దగ్గర రెండెకరాల చేపల చెరువు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు, బొచ్చె, రోహు పెంపకం.

మొదటి ఏడాది చేపలు మూతులు పైకి పెట్టి గాలి మింగుతుంటే ఆక్సిజన్ తగ్గిందనుకుని రాత్రంతా మోటారు నడిపాం. పొద్దెక్కి ఎండ కాసినా అవి కిందికి దిగలేదు. ఒక మందుల దుకాణంలో చేపను చూడకుండానే డబ్బా చేతిలో పెట్టారు. చావులు ఆగలేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. చివరికి తెలిసినాయన బతికున్న చేప మొప్ప ముక్క కత్తిరించి మైక్రోస్కోప్ కింద చూపించాడు. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఈ మొప్పల పురుగు పేరు డాక్టిలోగైరస్ అట. చచ్చి చాలాసేపైన చేపలో ఇవి దొరకవు, బతికున్నదాన్నే చూడాలి.

అప్పటి నుంచి చేపపిల్లను ఉప్పునీళ్లలో ముంచకుండా చెరువులో వదలలేదు. 100 లీటర్ల నీళ్లకు 3 కిలోల దొడ్డు ఉప్పు, రెండు మూడు నిమిషాలు. పిల్ల ఒరిగిపోతే వెంటనే తీసేయాలి, గడియారం చూస్తూ నిలబడొద్దు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. నాకు బాగా నచ్చింది ఇదే. అయితే చెరువు మొత్తానికి ఇది కుదరదు. మీటరు లోతున్న ఎకరంలో సుమారు 40 లక్షల లీటర్ల నీళ్లుంటాయి, అదే లెక్కన 120 టన్నుల ఉప్పు కావాలి.

చెరువులో పురుగు కనబడితే పొటాషియం పర్మాంగనేట్ అనే ఊదా రంగు పలుకుల మందు వాడుతున్నాను. లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే ఆ ఎకరానికి 8 కిలోలు, బకెట్లలో కరిగించి పొద్దున పూట చల్లాలి. గులాబీ రంగు కొన్ని గంటలు నిలవాలి. నీళ్లు పచ్చగా, బురదగా ఉంటే తొందరగా గోధుమ రంగుకు తిరుగుతుంది, అప్పుడు మందు పనిచేయనట్టే. అలాగని మోతాదు పెంచితే చేపకే ప్రమాదం. పురుగు గుడ్లు దీనికి చావవు, అందుకే వారం తర్వాత మళ్లీ మొప్ప చూసి రెండోసారి వేస్తాను. నాచు కూడా చస్తుంది కాబట్టి ఆ రాత్రి మోటారు ఆపను.

బొచ్చె మొప్పల మీద గసగసాల్లాంటి తెల్లటి గింజలుంటే మాత్రం ఈ రెండూ దండగ. అది వేరే జీవి, పొక్కు లోపల దాగి ఉంటుంది. పోయినేడు మాకు అదే వచ్చింది. పంట తీశాక అడుగు పగుళ్లు వచ్చేదాకా ఎండబెట్టి, సున్నం చల్లి, ఈసారి పిల్లను పలుచగా వేశాం.