సింగపూర్ బండి ఐస్‌క్రీమ్: అయిదున్నర ముక్కల తీర్పు

చక్కెర వ్యాధి ఉన్నవాడు ఐస్‌క్రీమ్ గురించి రాయడమేమిటని అనుకుంటారేమో. అసలు అలాంటివాడే రాయాలి. కావలసినంత తినగలిగేవాడికి అన్నీ బాగానే ఉంటాయి. సింగపూర్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్న 22 రోజులకు మా ఆవిడ విమానం ఎక్కకముందే షరతు పెట్టింది: రెండు రోజులకు ఒకటి, అందులో సగం ఆవిడది. అంటే మొత్తం 11, నా వాటా అయిదున్నర. ఉద్యోగమంతా బ్యాంకు క్యాష్ కౌంటర్‌లోనే గడిపినవాణ్ణి, ఉన్నదాన్ని జాగ్రత్తగా ఖర్చు పెట్టడం తెలుసు. తెనాలిలో దొరికే వెనిలా, చాక్లెట్ల జోలికి పోలేదు. అక్కడివాళ్లు తినేదే తిన్నాను.

పదకొండులో ఏడు ఆర్చర్డ్ రోడ్డు బండ్ల దగ్గరే అయిపోయాయి. ఆ రోడ్డంతా ఖరీదైన దుకాణాలు. అద్దాల వెనుక ఉన్న చేతిసంచి ధర చూసి మా ఆవిడ రెండుసార్లు సున్నాలు లెక్కపెట్టింది. ఆ అద్దాల ముందే పెద్ద గొడుగు కింద, మోటారు సైకిలుకు తగిలించిన ఐస్‌క్రీమ్ పెట్టె. సింగపూర్ ప్రభుత్వం 1970, 80 దశకాల్లో వీధి వ్యాపారులను చాలావరకు హాకర్ సెంటర్లలోకి, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట్లకు, తరలించింది. వీధిలో మిగిలిన కొద్దిమందిలో వీళ్లు కొందరు. నేను కొన్న బండ్లన్నిటి దగ్గరా ఉన్నది నా వయసువాళ్లే. అందరూ వాళ్లను అంకుల్ అనే పిలుస్తారు. నేనూ అలాగే పిలిస్తే మా మనవడు నవ్వాడు.

అక్కడ గరిటెతో తీసే ఉండలు ఉండవు. ఐస్‌క్రీమ్ ఇటుకలా పొడుగాటి అట్టపెట్టెలో ఉంటుంది. అంకుల్ అట్టను వెనక్కి ఒలిచి, వెడల్పాటి కత్తితో అంగుళం మందాన ముక్క కోసి, ఎందులో కావాలని అడుగుతాడు. బిస్కెట్టు రేకుల మధ్యనా, రొట్టెలోనా? రొట్టె అనగానే నాకు మొదట నచ్చలేదు. అదీ మామూలు తెల్ల రొట్టె కాదు, గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు సుడులు తిరిగి హోలీ ఆడివచ్చిన చొక్కాలా ఉంటుంది. మొదటి రోజు రేకులే తీసుకున్నాను. ఆ ఎండలో, ఆ ఉక్కలో రేకు పటపటలాడింది రెండు నిమిషాలే. తరువాత నాలుగు వైపుల నుంచీ కారి మోచేయి దాకా వచ్చింది. కర్చీఫు పాడైంది, సగం ముక్కలో పావు వంతు నేలపాలైంది. నాకు మిగిలినదెంతో మీరే లెక్క వేసుకోండి.

మూడో రోజు రొట్టె అడిగాను. అప్పుడు తెలిసింది దాని పని. కరిగినదంతా రొట్టె పీల్చుకుంటుంది, చుక్క కింద పడదు. రొట్టె కాస్త తియ్యగా, దూదిలా మెత్తగా ఉంటుంది. చివరి రెండు కొరుకుల్లో ఐస్‌క్రీమ్ ఉండదు, పాలలో నానిన రొట్టె ఉంటుంది. నన్నడిగితే అదే అసలు భాగం. ఇద్దరు పంచుకోవడానికీ రొట్టే మేలు. రేకులను విరిస్తే పొడి అవుతాయి, రొట్టెను చేత్తో తుంచుకోవచ్చు. ముక్క రెండు డాలర్లు, మన లెక్కలో 130 రూపాయల పైచిలుకు. ఆ వీధిలో ఆ ధరకు మరొకటి దొరుకుతుందని నేను అనుకోను.

ఇక రుచులు. మొక్కజొన్న ఐస్‌క్రీమ్‌లో గింజలు గింజలుగానే తగులుతాయి. వాసన ఉడికించిన కండెదే, తీపి తక్కువ. నాకు చాలా నచ్చింది. ఎర్ర చిక్కుడు గింజలది ఇంకా బాగుంది. గింజలు బొబ్బర్లకు తమ్ముళ్లలా ఉంటాయి. బెల్లంతో ఉడికిన పూర్ణాన్ని ఎవరో మంచు గడ్డలో దాచినట్టు అనిపించింది. యామ్ అని రాసి ఉన్నది లేత ఊదా రంగులో ఉంది. ఏమిటా అని ఆరా తీస్తే చేమదుంప! "పులుసు పెట్టుకునే దానితో ఐస్‌క్రీమ్ ఏమిటండీ, వీళ్లకు మతి పోయిందా?" అని మా ఆవిడ గట్టిగానే అంది. అంకుల్‌కు తెలుగు రాకపోవడం మా అదృష్టం. తిన్నాక మాత్రం ఏమీ అనలేదు. రాస్ప్‌బెర్రీ చారలది మనవడి కోసం కొన్నాం, అది ఎక్కడైనా ఉండే సరుకే.

డూరియన్ సంగతి విడిగా చెప్పాలి. పనస పండితే వీధి చివరివాళ్లకు కూడా తెలుస్తుంది కదా, డూరియన్ పండితే వాడకంతా తెలుస్తుంది. అక్కడి మెట్రో రైళ్లలోకి ఆ పండును రానివ్వరు. గీత కొట్టిన ముళ్ల పండు బొమ్మ స్టేషన్లలో కనిపిస్తుంది. అసలు రైల్లో ఏది తిన్నా తాగినా 500 డాలర్ల వరకు జరిమానా, కాబట్టి బండి దగ్గరే నిలబడి ముగించుకోవాలి. మా ఆవిడ తన సగం వదులుకుంది. పదకొండింటిలో నాకు నిండుగా దక్కుతున్నది అదొక్కటేనని సంబరపడ్డాను. చల్లదనానికి వాసన చాలావరకు అణిగిపోతుంది. మొదట వెన్న, తరువాత బాగా మాగిన పనస తొన, అన్నిటికన్నా చివర ఎర్రగా వేయించిన ఉల్లిపాయ లాంటిదేదో గొంతులో నిలుస్తుంది. పండుకు భయపడేవాళ్లు ఐస్‌క్రీమ్‌తో మొదలుపెట్టవచ్చు. ఒక్క హెచ్చరిక: రాత్రి దాకా తేన్పులు డూరియన్‌వే. ఆ రోజు నాకు హాల్లో సోఫా మీద పక్క వేశారు. అది నా ఖాతాలో నిండు ముక్క అవుతుందా అని అడిగితే, వద్దన్న సగం రేపటి ముక్కలో వసూలు చేసుకుంటానంది. అలాగే చేసింది కూడా.

చల్లటి గదుల్లో కూర్చుని తినే దుకాణాలకు రెండుసార్లు వెళ్లాం. ఒక్క ఉండ అయిదు డాలర్లకు పైనే. నల్ల జిగురు బియ్యంతో చేసే పులుత్ హితమ్ పాయసాన్ని అక్కడ ఐస్‌క్రీమ్‌గా చేస్తారు. కొబ్బరిపాలలో గింజ పంటికి సాగుతూ తగిలింది, డబ్బు దండగ అనిపించలేదు. రెండో దుకాణంలో పాండన్ ఆకు, గులా మెలాకా కలిపినది తిన్నాం. పాండన్ మన మొగలికి దగ్గరి బంధువు. బాస్మతికి ఆ వాసన తెచ్చే పదార్థమే ఈ ఆకులోనూ ఉందట. గులా మెలాకా కొబ్బరి కల్లుతో కాచే బెల్లం, మన తాటిబెల్లానికి వరసకు అన్న. ఈ రెండూ నిజంగా కలిస్తే అద్భుతంగా ఉండాలి. మాకు పెట్టినదానిలో రంగు మాత్రమే ఆకుపచ్చ, వాసన సీసాలోది. పేరు రాయను కానీ మళ్లీ వెళ్లను.

మిగిలిన రెండూ హాకర్ సెంటర్లో. చెండోల్‌లో పాండన్ రంగు పిండిని కారప్పూసలా వత్తి, తురిమిన మంచు, కొబ్బరిపాలు, ఆ బెల్లం పాకం వేస్తారు. ఇక్కడ పాకం నిజమైనది, కాస్త పొగ వాసనతో. ఐస్ కచాంగ్‌లో మంచు గుట్ట కింద ఎర్ర గింజలు, మొక్కజొన్న, అత్తాప్ చీ అనే ముంజ లాంటి గింజ ఉన్నాయి. ఆ గింజ నీటి తాటిచెట్టుది, పాకంలో నానబెడతారు. మన ముంజలో ఉండే నీళ్లు దానిలో ఉండవు, కొరికితే సాగుతుంది. పైన పోసిన ఎర్ర పాకం మాత్రం నాకు ఎక్కువైంది. తరువాత వెళ్లేవాళ్లు రంగు పాకం తగ్గించమని ముందే చెప్పండి.

పదకొండోది బయలుదేరే ముందు రోజు సాయంత్రం. మళ్లీ ఆర్చర్డ్ రోడ్డే. వాన వెలిసి గొడుగు మీది నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను ఎర్ర గింజలది రొట్టెలో అడిగి డాలరు నాణేలు రెండు ఇచ్చాను. తుంచడానికి మా ఆవిడ వైపు చాపితే తీసుకోలేదు. అంకుల్ వైపు తిరిగి ఊదా రంగు పెట్టెను వేలితో చూపించి, "ఇంకొకటి కొనండి, ఇది నాకు" అంది. అయిదున్నర అని పైన రాసినది సరిదిద్దుకోవాలి. ఆరు.