రీసెర్చ్ డెస్క్ వదిలాక: కంపెనీ కుర్చీయా, సొంత బోర్డా?

పన్నెండేళ్లు గచ్చిబౌలిలో కూర్చుని షేర్ల మీద రిపోర్టులు రాశాను. ఐటీ కంపెనీల మూడో త్రైమాసికం ఫలితాలు సరిగ్గా సంక్రాంతికే వస్తాయి కాబట్టి పండక్కి ఊరెళ్లింది రెండేసార్లు. ఇక చాలనిపించింది. డేటా సైన్స్ నేర్చుకోమన్నారు కొందరు. ముప్పై ఎనిమిదేళ్లకు పాతికేళ్ల పిల్లల పక్కన మొదటి మెట్టు మీద నిలబడే ఓపిక నాకు లేదు. నిజంగా ఆలోచించినవి రెండే.

మొదటిది, లిస్టెడ్ కంపెనీలో ఇన్వెస్టర్ రిలేషన్స్, అంటే కంపెనీ తరఫున ఇన్వెస్టర్లకూ అనలిస్టులకూ జవాబు చెప్పే పని. మన ఊళ్లో ఇది ఎక్కువగా ఫార్మాలో దొరుకుతుంది. డాక్టర్ రెడ్డీస్, దివీస్, అరబిందో అన్నీ ఇక్కడివేగా. నిన్నటిదాకా కాన్‌కాల్‌లో (ఫలితాలపై కంపెనీ పెట్టే ఫోన్ సమావేశంలో) ప్రశ్నలు అడిగినవాళ్లం, రేపట్నుంచి జవాబులు సిద్ధం చేస్తాం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ వాళ్లు ప్లాంటు చూసి ఫారం 483, అంటే అభ్యంతరాల జాబితా ఇచ్చారంటే ఫోన్లు ఆగవు. ఎన్ని అభ్యంతరాలు అనే అందరూ అడుగుతారు. అవి రికార్డులు తారుమారు చేయడం గురించా, మామూలు నిర్వహణ లోపాలా అన్నదే అసలు సంగతి. 15 పనిదినాల్లో కంపెనీ జవాబు పంపాలి. ఈలోగా ఇన్వెస్టర్లకు ఆ తేడా విప్పి చెప్పగలిగినవాడికి గిరాకీ ఉంది.

ఇబ్బందులూ ఉన్నాయి. కంపెనీకి ఇలాంటి కుర్చీ ఒకటో రెండో, పైన మెట్లు తక్కువ. షేరు పడ్డ రోజు తిట్లు మనకే. త్రైమాసికం ముగిసిన దగ్గర్నుంచి ఫలితాలొచ్చిన 48 గంటల దాకా సొంత కంపెనీ షేరు ముట్టుకోకూడదు.

రెండోది, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రీసెర్చ్ అనలిస్టుగా రిజిస్టరై, ఫీజు తీసుకుని షేర్ల మీద రిపోర్టులిచ్చే సొంత బోర్డు పెట్టుకోవడం. 2014 నాటి నిబంధనల్ని 2024 డిసెంబరులో సడలించారు. ఇప్పుడు డిగ్రీ, సెబీ సంస్థే అయిన ఎన్‌ఐఎస్‌ఎం పెట్టే పరీక్ష చాలు. నెట్‌వర్త్ (అప్పులు పోను ఆస్తి) చూపించమనే బదులు డిపాజిట్ అడుగుతున్నారు, 150 మంది క్లయింట్ల దాకా లక్ష రూపాయలే. గడప దాటడం తేలికే. లోపల బతకడమే కష్టం. ఒక కుటుంబం నుంచి ఏడాదికి 1,51,000 రూపాయలకు మించి ఫీజు తీసుకోకూడదు. అంత ఇచ్చేవాళ్లెవరు! సగటున పాతిక వేలనుకుంటే 60 కుటుంబాలకు 15 లక్షలు. అందులోంచి ఏటా నిబంధనలు పాటిస్తున్నామా అని చూసే కంప్లయన్స్ ఆడిట్, డేటా సబ్‌స్క్రిప్షన్లు, ఒక కుర్రాడి జీతం. ఆ 60 మందిని తేవడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం.

పైగా ఇక్కడ పోటీ ఇంకో అనలిస్టుతో కాదు, జనం డబ్బు పెట్టే శంకర్‌పల్లి ప్లాటుతో. పెళ్లిలో చేయి పట్టుకుని "ఏ షేరు కొనమంటావ్ బాబూ" అని అడిగే పెదనాన్నకు ఫీజు మాట ఎత్తి చూడండి!

అయినా ఇంట్లో రెండో జీతం ఉండి, రెండేళ్ల ఖర్చు పక్కన పెట్టుకున్నవాళ్లకు సొంత బోర్డే మేలంటాను. పదేళ్లలో పేరొస్తే అది మీదే, కంపెనీది కాదు. ఇంటి లోను, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులూ ఉన్నవాళ్లు కుర్చీ వైపే వెళ్లండి. నేనూ అటే వెళ్లాను. మా కంపెనీ ఫలితాలు ఫిబ్రవరిలో. ఈసారి భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ భీమవరంలోనే ఉన్నాను, లాప్‌టాప్ మాత్రం తీసుకెళ్లాను.