గన్నేరు అంటే ఏ గన్నేరు? తెలుగు పేరు మేలా, లాటిన్ పేరు మేలా?

శ్రీకాకుళంలో మా అక్క వరండా ముందు కుండీలో పెట్టుకుందామని నర్సరీలో గన్నేరు అడిగింది. ఆమె మనసులో ఉన్నది బిళ్లగన్నేరు. ఇంటికి వచ్చింది పచ్చగన్నేరు. మోకాలి ఎత్తులో పూస్తుందనుకున్న మొక్క చూస్తుండగానే మనిషిని మించిపోయింది. ఇంట్లో పసిపిల్లలున్నారు. దాని గింజ తింటే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. నేను లాటిన్ పేర్లు నేర్చుకోవడం మొదలుపెట్టింది అప్పుడే.

అలాగని తెలుగు పేరును తక్కువ చేయలేను. పలాస తోటల్లోని జీడిమామిడినే చూడండి. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చిన చెట్టది. మనవాళ్లు దాన్ని చూసి, మనకు ముందే తెలిసిన జీడి (నల్లజీడి) చెట్టుతోనూ మామిడితోనూ చుట్టరికం కలిపి పేరు పెట్టారు. వృక్షశాస్త్రం కూడా ఈ మూడింటినీ అనకార్డియేసి అనే ఒకే కుటుంబంలో చేర్చింది. ఎంత మంచి చూపు! గన్నేర్లన్నీ కూడా ఒకే కుటుంబానివే. అయితే మన పేర్లు కొన్నిసార్లు రుచిని బట్టి నడుస్తాయి. నేలవేము చేదు కాబట్టి వేమైంది, వేపకు అది ఏమీ కాదు.

వంశం తెలిస్తే చాలనుకునే చోట తెలుగు పేరే హాయి. మొక్క కొనేటప్పుడు, మందుకు వాడేటప్పుడు, విషమని అనుమానం వచ్చినప్పుడు మాత్రం నేను లాటిన్ పేరు వైపే. గన్నేరు నీరియం ఒలియాండర్, పచ్చగన్నేరు కాస్కబెలా థెవెటియా, బిళ్లగన్నేరు కాథరాంథస్ రోజియస్. ఇక పొరపాటుకు చోటెక్కడ?

లాటిన్ పేర్లూ మారుతాయన్నది నిజమే. బిళ్లగన్నేరుకు 1759లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు వింకా రోజియా. ఆ పాత పేరు నర్సరీల్లో ఇంకా వినిపిస్తుంది, దాని నుంచి తీసిన క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్‌లోనూ మిగిలింది. అందుకే పాత పేరునూ పక్కన రాసి పెట్టుకోవాలి.

అన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. ఆల్బా అంటే తెలుపు, రోజియస్ అంటే గులాబి రంగు, ఒడొరాటా అంటే పరిమళం గలది. ముందు మీ పెరట్లో ఉన్న పది మొక్కల పేర్లు నేర్చుకోండి. నర్సరీలో చీటీ లేకపోతే ఆకులు చూడండి. గన్నేరుకు సాధారణంగా ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులుంటాయి, పచ్చగన్నేరుకు ఒక్కటే. రెండూ విషమే. పసిపిల్లలున్న ఇంట్లో రెండూ వద్దు.