ఆస్టోరియాలో బెల్లీ డాన్స్: ఈజిప్షియన్ శైలి మేలా, బృంద శైలి మేలా?

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఆస్టోరియా అనే పేట ఉంది. చాలాకాలంగా గ్రీకులు స్థిరపడిన ఆ పేటలో స్టైన్‌వే వీధి మీద, ఆస్టోరియా బుళవార్డుకూ 28వ అవెన్యూకూ మధ్య ఉన్న భాగాన్ని ‘లిటిల్ ఈజిప్ట్’ అంటారు. హుక్కా కేఫ్‌లు, అరబ్బు వంటల హోటళ్ళు, సరుకుల దుకాణాలు, మసీదు అక్కడ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇటువంటి చోట బెల్లీ డాన్స్ నేర్చుకోదలచినవారు ముఖ్యంగా రెండు శైలుల మధ్య తేల్చుకోవలసి ఉంటుంది: ఒకటి రక్స్ షర్కీ అనే ఈజిప్షియన్ శైలి, రెండవది అమెరికాలో పుట్టిన బృంద శైలి. జిమ్ములలో వ్యాయామంగా నేర్పే మూడో రకం కూడా ఉంది గాని, అది చెమట పట్టించినంతగా నాట్యం పట్టించదు కనుక దానిని పక్కన పెడుతున్నాను.

ఈజిప్షియన్ శైలికి నేటి రంగస్థల రూపం కైరో నృత్యశాలలలో ఏర్పడింది. 1920లలో బదియా మసాబ్ని అక్కడ తెరిచిన నృత్యశాల, ఇళ్ళలోనూ పెళ్ళిళ్ళలోనూ ఆడే ఆటకు పెద్ద వాద్యబృందాన్ని, చేతుల విన్యాసాన్ని, వేదికంతా కలియదిరిగే నడకను జోడించడంలో ప్రధాన పాత్ర వహించింది. తర్వాత సినీతారలైన తహియా కారియోకా, సామియా గమాల్ అక్కడ ఆడినవారే. ఇది ప్రధానంగా ఏకపాత్ర నృత్యం. పాటను ఒంటరిగానే అనుసరించాలి కనుక మంచి గురువు నడుము కదలికలతో పాటు చెవికి కూడా శిక్షణ ఇస్తారు. ఉదాహరణకు మక్సూమ్ అనే తాళపు నడకను ‘దుమ్ తెక్ – తెక్ దుమ్ – తెక్’ అని పలుకుతారు. దుమ్ డప్పు నడిమి దెబ్బ, తెక్ అంచు దెబ్బ. అందులోని రెండవ తెక్‌ను దుమ్‌గా మారిస్తే ‘దుమ్ తెక్ – దుమ్ దుమ్ – తెక్’ అవుతుంది. అది సయీదీ, ఎగువ ఈజిప్టులో కర్ర పట్టుకొని ఆడే ఆటకు వాయించే తాళం. మారినది ఒక్క దెబ్బే అయినా కదలిక బరువు నేల వైపుకు దిగుతుంది, ఆటకు పల్లెటూరి ధీమా వస్తుంది. ఈ తేడా చెవికి ఎక్కడానికి నెలలు పట్టవచ్చు.

బృంద శైలి దారి వేరు. 1960ల చివర జమీలా సాలింపూర్ కాలిఫోర్నియాలో నడిపిన ‘బల్ అనత్’ బృందం దీనికి మూలాలలో ఒకటి. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరోలీనా నెరీచియో ప్రారంభించిన బృందం దీనికి స్థిరమైన పద్ధతి ఏర్పరచింది. ఇందులో అందరికీ ఒకే కదలికల జాబితా వస్తుంది. ముందు నిలిచినవారు చేయి ఎత్తడం ద్వారానో తల తిప్పడం ద్వారానో సైగ చేస్తే, వెనుకవారు అదే క్షణంలో ఆ కదలికను అందుకుంటారు. ముందుగా కూర్చిన నాట్యం కాకపోయినా చూసేవారికి కూర్చినట్టే ఉంటుంది. ఒంటరిగా వేదిక ఎక్కడానికి బిడియపడేవారికి ఇంతకన్న మంచి ఆసరా లేదు. ఖర్చు మాత్రం ఎక్కువ. ఈజిప్షియన్ తరగతికి నడుముకు కట్టే గుడ్డ ఒకటి సరిపోతుంది. ఇక్కడ వేళ్ళకు తొడిగే జిల్స్ తాళాలు త్వరగానే కావాలి, ప్రదర్శన వరకు వెళితే పెద్ద ఘేరా పావడా, చోళీ, వెండి రంగు నగలు కూడా కావాలి. ఆ చోళీలలో, అద్దాల పనిలో మన దేశపు వాసన స్పష్టంగా ఉండడం వల్ల తెలుగు ఆడపిల్లలు కొందరు సంతోషిస్తారు, కొందరు ఇబ్బంది పడతారు, రెండూ సహజమే.

కూచిపూడి గాని భరతనాట్యం గాని నేర్చుకొని వచ్చినవారికి ఏ తరగతిలోనైనా మొదటి చిక్కు మోకాళ్ళ దగ్గరే వస్తుంది. అరమండికి అలవాటు పడిన మోకాళ్ళు పక్కలకు విచ్చుకుంటాయి, ఇక్కడ పాదాలు సమాంతరంగా ఉండి మోకాళ్ళు కొద్దిగా సడలి ఉండాలి. పాదం బలంగా తట్టే అలవాటునూ తగ్గించుకోవాలి. తాళజ్ఞానం మాత్రం బాగా కలిసివస్తుంది: తుర్కీ సంగీతంలో 2, 2, 2, 3గా విరిగే తొమ్మిది మాత్రల నడక విన్నప్పుడు, సంకీర్ణ గతి వేసినవారు ఇతరులంతగా తడబడరు. అభినయం నేర్చినవారికి ఈజిప్షియన్ శైలిలో మరొక సౌకర్యం ఉంది, ఎందుకంటే ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ పాటకు ఆడేటప్పుడు సాహిత్యం అర్థమై ముఖంలో పలకాలి. బృంద శైలిలో ముఖానికి అంత పని ఉండదు.

ఆస్టోరియాలో ఉండేవారికి నా సలహా ఈజిప్షియన్ శైలే. తరగతిలో విన్న తాళం వీధిలో కారులోంచో దుకాణంలోంచో మళ్ళీ వినిపించే అవకాశం అక్కడ ఉంది. పాటలో ఒక మాట తెలియకపోతే అడగడానికి అరబిక్ మాతృభాషగా గలవారు దొరుకుతారు. అయితే చేరే ముందు ఒక తరగతి కూర్చుని చూడాలి. గురువు పాటలను పేరు పెట్టి పరిచయం చేయకుండా ఎనిమిది వరకు అంకెలు మాత్రమే లెక్కబెడుతూ పోతే, పేటలోని ఈ సౌకర్యమంతా వృథా అయినట్టే.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని తెలుగువారు అడిగితే మాత్రం నా జవాబు తారుమారవుతుంది. బృంద శైలి పుట్టిన ప్రాంతం అది. ఆ పద్ధతిలో ఏళ్ళ తరబడి కలిసి ఆడినవారు దొరకడం అక్కడ తేలిక, జట్టు లేనిదే ఈ శైలి నేర్చుకోవడం సాగదు.